మత్తు డాక్టరు లేని థియేటరు

శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం చుట్టుపక్కల పల్లెల్లో కాన్పు కష్టమైన ఇంట ఒక మాట వినిపిస్తుంది: ‘అనంతపురానికి రాసిచ్చినారు’. రాసిచ్చిన డాక్టరమ్మకు ఆపరేషన్ చేయడం రాక కాదు. థియేటరు ఉంటుంది, బల్ల ఉంటుంది, కత్తి పట్టే చెయ్యీ ఉంటుంది. మత్తు ఇచ్చే మనిషి ఆ పూటకు ఉండరు. అలాంటి ప్రతి చీటీ వెనకా ఇదే కారణమని అనను. కానీ ఇదే కారణమైనప్పుడు, నొప్పులు పడుతున్న తల్లి 108లో ఇంకో 40 కిలోమీటర్లు పోవాలి.

మత్తు డాక్టరంటే సూది వేసి పక్కన కూర్చునే మనిషని చాలామంది అనుకుంటారు. సిజేరియన్ బల్ల దగ్గర చూడాలి ఆ పని. నిండు కడుపుతో వంగలేని తల్లిని గడ్డం గుండెకు ఆనేలా కూర్చోబెట్టి, వెన్నుపూసల మధ్య సన్నటి సూది దించుతారు. సూది చివర తేటనీటి చుక్క కనబడ్డాకే మందు ఎక్కిస్తారు. నిమిషాల్లో బీపీ పడిపోవచ్చు. అసలు పని అప్పుడు మొదలవుతుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ పల్స్ ఆక్సీమీటర్ శబ్దం శ్రుతి దిగుతుంది. అనుభవమున్న చెవి తెరవైపు చూడకుండానే ఆ తేడా పట్టేస్తుంది. ఆ చెవి క్లాసురూములో తయారు కాదు.

ఏరియా ఆస్పత్రికి ఒక్క మత్తు డాక్టరును వేసి ఖాళీ నింపామనుకోవడం పొరపాటు. వారానికి 168 గంటలు. కాన్పు వేళ చూసుకుని రాదు. వరుసగా రెండు రాత్రులు మేలుకున్న మనిషి చేతిలో మూడోనాడు ప్రాణం పెట్టలేం. ఒంటరి పోస్టులో నిలవలేక వెళ్లిపోయే డాక్టరును నేను తప్పుపట్టలేను. 2021-22 కేంద్ర గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం, పల్లెల సీహెచ్‌సీలకు కావాల్సిన స్పెషలిస్టుల్లో సుమారు 80 శాతం మంది లేరు. ఆ మొత్తం సర్జన్లు, గైనకాలజిస్టులు, ఫిజీషియన్లు, పిల్లల డాక్టర్లది. వాళ్లలో సగంమంది పని మత్తు లేనిదే సాగదు. అయినా మత్తు డాక్టరు ఆ మొత్తంలో లేరు!

మూడేళ్ల ఎండీ ఒక్కటే దారి కాదు. అత్యవసర కాన్పులకు మత్తు ఇచ్చేలా ఎంబీబీఎస్ డాక్టర్లకు 18 వారాల శిక్షణ ఇచ్చే పథకాన్ని కేంద్రం దాదాపు రెండు దశాబ్దాల కిందటే తెచ్చింది. ఆలోచన మంచిదే. శిక్షణ అయ్యాకే దెబ్బతింది. గైనకాలజిస్టు లేనిచోట పోస్టింగ్ ఇస్తే నేర్చుకున్నది చేతికి దూరమవుతుంది. ఫోన్ చేస్తే పలికే సీనియర్ లేకపోతే సూది పట్టడానికే భయం వేస్తుంది. 2020లో జాతీయ వైద్య పరీక్షల బోర్డు (ఎన్‌బీఈఎంఎస్) ఎంబీబీఎస్ తర్వాత రెండేళ్ల డిప్లొమా తెచ్చింది. అందులో మత్తు విభాగం ఉంది, జిల్లా ఆస్పత్రుల్లోనే నేర్పవచ్చు. అమెరికాలో ప్రత్యేకంగా చదివిన నర్సులు మత్తు ఇస్తారు. ఇక్కడ ఆ బాధ్యత డాక్టరుదే, యంత్రాన్నీ సిలిండర్నీ సిద్ధంచేసే టెక్నీషియన్ పక్కన ఉండాలి. ఆ పోస్టు ఖాళీగా ఉంచితే డాక్టరు దృష్టి రోగి మీద నుంచి మళ్లుతుంది.

పెనుకొండ మెడికల్ కాలేజీని ప్రభుత్వం నడపాలా, ప్రైవేటు భాగస్వామ్యమా అన్న వివాదం నడుస్తోంది. ఎలా తేలినా, అక్కడ చేరే విద్యార్థి మత్తు డాక్టరై బయటికి రావాలంటే ఎంబీబీఎస్‌కు అయిదున్నరేళ్లు, ఎండీకి మూడేళ్లు. అన్నాళ్లు ఆగలేం. హిందూపురం జిల్లా ఆస్పత్రిలో డిప్లొమా సీట్లు ఉండాలి, అవి ఈ జిల్లా పీహెచ్‌సీల డాక్టర్లకు ముందుగా దక్కాలి. పీజీ కోటా కోసం 2024లోనూ 2025లోనూ ఆందోళనకు దిగింది ఆ డాక్టర్లే, చదవాలన్న ఆరాటం వాళ్లకుంది. పీజీ విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆస్పత్రుల్లో పనిచేయాలన్న నిబంధన ఎలాగూ ఉంది, అనంతపురం కాలేజీ నుంచి మత్తు విభాగం వాళ్లను వంతులవారీగా హిందూపురం పంపవచ్చు. శిక్షణ పూర్తిచేసిన వాళ్లను ఇద్దరిద్దరిగా వేయాలి. గైనకాలజిస్టు పేరూ ఆ ఇద్దరి పేర్లూ ఒకే పోస్టింగ్ కాగితం మీద, ఒకే ఆస్పత్రికి రావాలి.