పాలసూక్ష్మజీవి మందైతే మంచిదే, తాళం వుండాలి

జన్యుమార్పిడి అనగానే మనకు 2002లో అనుమతి పొందిన బీటీ పత్తే గుర్తుకొస్తుంది. పాలను పులియబెట్టే సూక్ష్మజీవి మీదా ఆ పని జరిగింది.

పేగుల్లో పూతలేసి, నెత్తురు విరేచనాలతో ఏళ్ల తరబడి తిరగబెట్టే జబ్బొకటి వుంది. మనూళ్లలో దాన్ని మొలలనుకుని పసరు మందులతో నెట్టుకొస్తారు. బెల్జియంలోని ఘెంట్ శాస్త్రజ్ఞులు లాక్టోకోకస్ లాక్టిస్ అనే సూక్ష్మజీవిలో, వాపును అణచే ఇంటర్‌ల్యూకిన్-10 జన్యువును చొప్పించారు. 2000లో ఎలుకల్లో పేగువాపు దాదాపు సగం తగ్గింది. నాకు నచ్చింది 2003లో వాళ్లు వేసిన తాళం. థైమిడిన్ అనే పదార్థం అందకపోతే ఆ జీవి చచ్చిపోయేలా మార్చారు.

1998లో టెర్మినేటర్ విత్తనాన్ని రైతు సంఘాలు కాదన్నాయి. విత్తనం దాచుకునే వీలు పోతుందని. అది న్యాయమే. ఇక్కడ మాత్రం చచ్చే గుణమే మనకు కాపలా. రోగి కడుపులోంచి బయటపడ్డ జీవి మన పాకలో, చెరువులో బతికితే ఎవరు జవాబు చెబుతారు? ఏ కంపెనీ ఇలాంటిది తెచ్చినా ముందు తాళం చూపించమని అడగాలి.

అయినా మందు ఇంకా చేతికి రాలేదు. 2006లో 10 మంది రోగులపై పరీక్షలో హాని లేదని తేలినా, తర్వాతి పరీక్షలో ఉత్తుత్తి మందును మించిన గుణం కనపడలేదు. కనుక దీని పేరు చెప్పి ఎవరైనా పొట్లాలు అమ్మజూపితే కొనకండి. ఇంట్లో పెరుగూ దీనికి మందు కాదు. డాక్టరిచ్చిన మాత్రలు మానొద్దు. నెత్తురు పడుతుంటే జిల్లా ఆసుపత్రికెళ్లి గొట్టం పరీక్ష గురించి అడగండి.