అమ్మను అడిగారా?

మన ఊళ్లలో నర్సింగ్ హోమ్ అంటే పది పడకల చిన్న ఆసుపత్రి. నేను చెప్పేది దాని గురించి కాదు, ఇక ఇంటికి తిరిగి వెళ్లే ఆలోచన లేకుండా పెద్దవాళ్లు ఉండిపోయే సంరక్షణ కేంద్రాల గురించి. హైదరాబాద్ చుట్టుపక్కల ఇలాంటివి ఉన్నాయి. పిల్లలు డాలస్‌లోనో సిడ్నీలోనో ఉంటారు. ఏ అర్ధరాత్రో పెద్దావిడకు ఆయాసం వస్తే నర్సు ముందు కొడుక్కి ఫోన్ చేస్తుంది. "ఆసుపత్రికి మార్చమంటారా? అవసరమైతే వెంటిలేటర్ పెట్టమంటారా?" మంచం మీది మనిషి మెలకువగానే ఉంటుంది. ఆమెను మాత్రం ఎవరూ అడగరు.

దీన్ని దౌర్జన్యం అనేయడం తేలికే గానీ నాకు మనసొప్పదు. రోగం పేరు చెబితే అమ్మ బెంగతోనే మంచం పడుతుందని భయపడి దాచే కూతురు అబద్ధాలకోరు కాదు. ఏ మాట వింటే అమ్మ రెండు రోజులు అన్నం మానేస్తుందో ఆమెకు తెలుసు. డాక్టరుగారికి తెలిసింది ఫైలే. పైగా మన పెద్దల్లో చాలామంది "నాకేం తెలుసు నాయనా, అబ్బాయిని అడగండి" అంటారు. అదీ ఒక నిర్ణయమే, దాన్ని గౌరవించాలి.

కానీ తనంతట తాను అప్పగించడం వేరు, అడక్కుండానే తీసేసుకోవడం వేరు. 2008లో సుప్రీంకోర్టు ఢిల్లీ కేసు ఒకదానిపై తీర్పు ఇచ్చింది. పరీక్ష కోసమని మత్తు ఇచ్చిన మహిళకు, ఆమె తల్లి ఒప్పుకుందని గర్భసంచి తీసేశారు. మేజరైన మనిషికి తెలివి వచ్చేదాకా ఆగి ఆమెనే అడగాలి, తల్లి సమ్మతి చెల్లదని కోర్టు తేల్చింది. కన్నతల్లి సంతకమే చెల్లనప్పుడు, తెలివిలో ఉన్న తల్లి తరఫున కొడుకు "సరే" అంటే సరిపోతుందా?

మాట పడిపోయాక ఏం చేయాలో ముందే రాసిపెట్టుకునే హక్కును 2018 మార్చి 9న అదే కోర్టు గుర్తించింది. మొదట ఆ పత్రం మీద మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. 2023లో ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చాలన్నారు. అయినా చికిత్స ఆపాలంటే రెండు వైద్య బోర్డులు చూడాలి. అవి ఉండేది ఆసుపత్రిలో. పెద్దవాళ్ల మంచం ఉండేది మరోచోట.

అసలు చిక్కు ముక్కు గొట్టం దగ్గర వస్తుంది. మతిమరుపు వ్యాధి ముదిరి మింగడం మరిచిపోయినవాళ్లకు గొట్టంతో ఆహారం ఇస్తే ఆయుష్షు పెరుగుతుందనడానికి ఆధారాల్లేవు. ఓపికగా చేత్తో తినిపించడమే మేలని అమెరికాలోని వృద్ధుల వైద్య నిపుణుల సంఘం చెబుతోంది. ఆ మాట చెప్పినా కుటుంబం ఒప్పుకోవడం కష్టం. గొట్టం వద్దన్న కోడలు "అత్తను పస్తు పెట్టి చంపింది" అనిపించుకోవాలి. ఆ నింద భయంతో పెట్టించినవాళ్లను నేను తప్పుపట్టను. గొట్టం లాగేయకుండా చేతులు కట్టేసిన మనిషిని చూసినప్పుడు మాత్రం, దీనికి ఆమె ఒప్పుకునేదా అని ఎవరైనా ఒక్కసారి అడిగితే బాగుండుననిపిస్తుంది.

అప్పటికి ఆమె చెప్పలేని స్థితిలో ఉంటుంది. ముందే అడగాలి. అడగడమంటే వ్యాధి పేరు, లెక్కలు ముఖం మీద చదవడం కాదు. "ఒంట్లో బాగా లేకపోతే ఆసుపత్రికి వెళ్లాలని ఉంటుందా, ఇక్కడే ఉండాలనిపిస్తుందా? నీ తరఫున మాట్లాడమని ఎవరికి చెప్పమంటావు?" ఇంత చాలు. "ఈ సంగతులు నాకు చెప్పొద్దు" అంటే అక్కడితో ఆపేయాలి. ఆర్నెల్లకు మనసు మారిందంటే అదీ వినాలి. చేర్పించిన రోజున ఉప్పు తక్కువ, చక్కెర వద్దు అని రాసుకుంటారు కదా. కూతురు పక్కనే ఉండగా, ఆ కాగితం మీదే ఆమె చెప్పిన ఈ నాలుగు మాటలూ రాసుకోవచ్చు.