సీసా మీద లేని అంకె

ఎండలు ముదిరాయంటే చాలు, ప్రభుత్వ ప్రకటన నుంచి పక్కింటివాళ్ల దాకా అందరిదీ ఒకటే సలహా: కొబ్బరినీళ్లు తాగండి, మజ్జిగ తాగండి, ఓఆర్‌ఎస్‌ కలుపుకోండి. మంచి సలహాయే. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ల చెవిన కూడా ఇదే పడుతుంది. ఇంట్లోవాళ్లు ప్రేమ కొద్దీ బోండాం కొట్టించి తెస్తారు. అక్కడే నా భయం.

భయం పొటాషియంతో. మంచి కిడ్నీ ఎక్కువైనదాన్ని మూత్రంలో పంపించేస్తుంది, చెడిన కిడ్నీ పంపలేదు. రక్తంలో లీటరుకు అయిదు మిల్లీమోల్స్‌ లోపు ఉండాల్సిన పొటాషియం ఆరు దాటితే గుండె లయ తప్పవచ్చు. అంతవరకూ మనిషికి ఏమీ తెలియకపోవచ్చు కూడా. బీపీకి టెల్మిసార్టాన్‌ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లలో అది ఇంకా సులువుగా పెరుగుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి చెబుతున్న పాళ్ల ప్రకారం లీటరు ఓఆర్‌ఎస్‌లో పొటాషియం క్లోరైడ్‌ 1.5 గ్రాములు. అందులో పొటాషియం సుమారు 780 మిల్లీగ్రాములు. నీళ్లు బాగా ఉన్న ఒక్క బోండాంలోనే దాదాపు అంత ఉండవచ్చు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని తలచుకోండి. కవిటి, సోంపేట, కంచిలి వైపు ఎటు చూసినా కొబ్బరితోటలే, ఎన్నో ఇళ్లలో కిడ్నీ రోగులే. పెరట్లో చెట్టున్న మనిషికి ఆ చెట్టు నీళ్లు వద్దని చెప్పాలంటే, ఎందుకు వద్దో కూర్చుని చెప్పే ఓపిక కావాలి.

అలాగని వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు ఓఆర్‌ఎస్‌ జోలికి పోవద్దని నేననడం లేదు. ఒంట్లో నీరు ఇంకిపోతే మిగిలిన కాస్త కిడ్నీ కూడా పోతుంది. కానీ లీటరు ద్రావణంలోని సోడియం నాలుగు గ్రాముల పైచిలుకు ఉప్పుతో సమానం. డయాలసిస్‌ మీద ఉన్నవాళ్లకైతే మంచినీళ్లకే కొలత ఉంటుంది. అందుకే ఎంత తాగాలి, అప్పుడు ఏ మాత్రలు ఆపాలి అన్నది ఒళ్లు బాగున్నప్పుడే డాక్టరును అడిగి చీటీ మీద రాయించుకోవాలి.

ఓఆర్‌ఎస్‌ కాని తీపి పానీయాలు ఆ పేరుతో అమ్ముడుపోకూడదని హైదరాబాద్‌ పిల్లల డాక్టర్‌ శివరంజని సంతోష్‌ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆ పేరు తీసేయమని ఆదేశించింది. ఆమెకు చేతులెత్తి మొక్కాలి. అయినా పని సగమే అయింది. పోషకాల పట్టికలో సోడియం ఎంతో వేయడం మన దేశంలో తప్పనిసరి, పొటాషియానికి ఆ నియమం లేదు. సీసాల్లో అమ్మే కొబ్బరినీళ్లకూ, ఆటగాళ్ల పానీయాలకూ, పొటాషియం క్లోరైడ్‌ కలిపిన ‘తక్కువ సోడియం’ ఉప్పు ప్యాకెట్లకూ ఆ అంకె తప్పనిసరి చేయాలి, అదీ తెలుగులో, కళ్లద్దాలు వెతుక్కోకుండా చదవగలిగేంత అక్షరాల్లో. ఇక వడదెబ్బ ప్రకటనలో ‘కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగి తాగాలి’ అన్న వాక్యం చేర్చడానికి చట్టం కూడా అక్కర్లేదు. వచ్చే వేసవికే చేర్చవచ్చు.