బాలీగంజ్ బీరువాలో బోర్డో

పాత బియ్యం, పాత చింతపండు, పాత నెయ్యి. పాతబడితే విలువ పెరిగే వస్తువులు మన వంటింట్లో చాలానే ఉన్నాయి. వైన్ కూడా ఆ కోవలోదేనని చాలామంది నమ్మకం. అందుకే ఎవరో కానుకగా ఇచ్చిన సీసాను తెరవకుండా మనవడి పెళ్లిదాకా దాస్తారు. కిందటి డిసెంబరులో కోల్‌కతాలో ఆ నమ్మకానికి పరీక్ష జరిగింది. నేను సాక్షిని.

బాలీగంజ్‌లో స్థిరపడిన ఒక తెలుగు మిత్రుడి తండ్రి వాణిజ్య నౌకల్లో పనిచేసేవారు. 1989లో లండన్‌లో ఆయన రెండు సీసాలు కొన్నారు. రెండూ ఒకే తయారీదారువి, ఫ్రాన్స్‌లోని బోర్డోకు చెందిన మెడాక్ ప్రాంతానివి, 1985 పంటవి. ఒకటి ఇంగ్లండ్‌లోని తమ్ముడి ఇంటి నేలమాళిగలో ఉండిపోయింది. రెండోది కోల్‌కతా వచ్చి టేకు బీరువాలో, పట్టుచీరల కింది అరలో కుదురుకుంది. ఆయన పోయి పదేళ్లు. ఇప్పుడు ఆ బాబాయి తన సీసాను మోసుకొచ్చి, రెండూ ఒకేసారి తెరుద్దామన్నారు. తయారీదారు పేరెందుకు లెండి, తప్పు వారిది కాదు.

ఈ ఊరికి బోర్డో ఎర్ర వైన్ కొత్తేమీ కాదు. ఇంగ్లీషువాళ్లు క్లారెట్ అని పిలిచే ఆ వైన్‌కు ఇక్కడి పేరు లాల్ షరాబ్. దొరల నోట్లో పడి అది కాస్త వంకరపోయి, 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులోకీ ఎక్కింది. 18వ శతాబ్ది చివర్లో ఇక్కడ వకీలుగా ఉన్న విలియం హికీ స్మృతుల్లో క్లారెట్ ఏరులై పారుతుంది. అప్పట్లో దాన్ని చల్లబరచడమే పెద్ద పని. సీసాలను సురేకారం కలిపిన నీళ్లలో తిప్పడానికి ఆబ్‌దార్ అని ప్రత్యేకంగా ఓ నౌకరుండేవాడు. 1833లో బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ పంపిన టస్కనీ అనే ఓడ నాలుగు నెలలు ప్రయాణించి మంచుగడ్డలు తెచ్చాక గానీ ఆ బాధ తగ్గలేదు.

ఇండియా పేరు బోర్డోలో మరోలా నిలిచింది. కోస్ దెస్తూర్నెల్ యజమాని లూయీ గస్పార్ దెస్తూర్నెల్ 19వ శతాబ్దిలో తన వైన్‌ను మన దేశానికి ఓడలకెక్కించాడు. అమ్ముడుపోక తిరిగొచ్చిన సరుకు మరింత రుచిగా ఉందని, దాన్ని ఆ ప్రయాణం పేరు చెప్పే అమ్ముకున్నాడని చెబుతారు. ఆయన కట్టించిన గోదాము మీద పగోడా గోపురాలు ఇప్పటికీ ఉన్నాయి. అయితే ఓడ కడుపులో కొన్ని నెలలు గడపడం వేరు, బాలీగంజ్‌లో ముప్పై అయిదు వేసవులు గడపడం వేరు.

అడుగున పేరుకున్న మడ్డి దిగేందుకు సీసాలను రెండు వారాలు నిలబెట్టి ఉంచారు. ముందుగా ఇంగ్లండ్ సీసా. బిరడా సగం విరిగింది. వైన్‌ను దీపం వెలుగులో మెల్లగా మరో పాత్రలోకి వంచారు, మడ్డి కనిపించగానే ఆపేశారు. రంగు ఎరుపే గానీ గ్లాసు అంచున ఇటుక ఛాయ. మొదట వాసనే లేదు. అయిదు నిమిషాలకు చుట్టల పెట్టె మూత తీసినట్టు ఓ పరిమళం, దాని వెనుక దేవదారు చెక్క, ఆ వెనుక వాన వెలిశాక ఆకులు నానిన తోట, పుట్టగొడుగులు. పండు వాసన ఎక్కడో అడుగున, ఎండబెట్టిన నేరేడులా.

ఇక రుచి. కొత్త బోర్డోలో వగరు లేత వక్క కొరికినట్టు నాలుకను పట్టేస్తుంది. ఆ వగరునిచ్చే టానిన్లు ఏళ్ల తరబడి ఒకదానితో ఒకటి అల్లుకుని బరువెక్కుతాయి, రంగు పదార్థాలతో కలిసి కొన్ని మడ్డిగా దిగిపోతాయి. మిగిలింది మెత్తగా, పలచగా, తీపి అన్నది లేకుండా ఉంది. మింగాక మాత్రం చాలాసేపు నిలిచింది. మిత్రుడు మొహమాటపడుతూనే ‘ఇంతేనా?’ అన్నాడు. తప్పులేదు. ఘాటు, పండు రుచి కోరేవారికి పాత బోర్డో నిరాశే. నాకు మాత్రం రెండో గుక్కకు మాట పడిపోయింది. ముప్పావు గంటకల్లా ఆ పరిమళం సన్నగిల్లడం మొదలైంది.

తర్వాత బీరువా సీసా. వైన్ మట్టం అప్పటికే సీసా భుజం కిందికి దిగింది, బిరడా పైదాకా తడిసిపోయింది. రంగు చిక్కటి టీ డికాక్షన్. వాసన మాడిన బెల్లం, కిస్‌మిస్, వాటి మీదుగా వెనిగర్. మందు ముట్టని మిత్రుడి తల్లిగారు గ్లాసు దగ్గరికి తీసుకుని ‘పానకం పులిసినట్టుందిరా’ అన్నారు. ఆ సాయంత్రం అంతకన్నా కచ్చితమైన మాట ఎవరూ అనలేదు.

వైన్‌కు కావలసింది 12 నుంచి 14 డిగ్రీల దగ్గర కదలని చల్లదనం. వేసవికి వేడెక్కి చలికాలం చల్లబడే గదిలో సీసాలోని ద్రవం వ్యాకోచిస్తూ, సంకోచిస్తూ బిరడాను వదులు చేస్తుంది, గాలి దూరుతుంది. వేడికి రసాయన చర్యలు కూడా దారి తప్పుతాయి. పదేళ్ల పరిణామం అయిదేళ్లలో జరిగిపోయినా బాగానే ఉండేది, జరిగేది అది కాదు. కోల్‌కతా తేమ మాత్రం బిరడాకు మేలే, చెడగొట్టేది లేబుల్‌నే. ఇంట్లో అలాంటి సీసా ఉంటే మట్టం చూడండి. మెడలోనే ఉంటే ఈ ఆదివారమే తెరవండి, పెళ్లిదాకా ఆగకండి.

బాబాయి మాత్రం బీరువా వైన్‌ను గ్లాసుడూ తాగారు. ఎందుకని ఎవరూ అడగలేదు. మర్నాటికి ఖాళీ సీసాలు రెండూ వంటింటి కిటికీలోకి చేరాయి. ఒకదాంట్లో అప్పుడే మనీప్లాంట్ కొమ్మ వేశారు.