గృహనిర్వాహము: పాతబల్బును మానవలెనా?

తీఁగబల్బును మానుఁడన్నచో, "దాని వెల స్వల్పము, వెలుఁగు కంటికింపు, ఏల మానవలె?" నని మన సికింద్రాబాదు గృహిణులు కొందఱడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. లెక్క వేసి చూతము.

60 వాట్ల తీఁగబల్బు దినమునకు 5 గంటలు వెలిఁగినచో నెలకు 9 యూనిట్లు వ్యయమగును. ఇంచుమించుగా నంత వెలుఁగే యిచ్చు 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బునకు 1.35 యూనిట్లు చాలును. తీఁగబల్బులో విద్యుత్తు చాలభాగము వేఁడియై పోవుటయే యిందులకుఁ గారణము.

ఐరోపా సమాఖ్య 2009 మొదలు 2012 వఱకు తీఁగబల్బులను క్రమముగా నిషేధించెను. మన దేశమున 2015లో నారంభమైన ఉజాలా పథకము వెల తగ్గించు మార్గమును ద్రొక్కెను. అంతకు ముందే 2014లో గుంటూరు మొదలగు జిల్లాలలో పాతబల్బు నిచ్చినవారికి 10 రూపాయలకే క్రొత్తదాని నిచ్చిరి. నాకిదియే యుత్తమముగాఁ దోఁచును. దినకూలిపై బ్రతుకు ఇల్లాలికి నేఁటి రొక్కమే కష్టము, మిగులు తరువాతిమాట.

అన్నియు నొక్కసారి మార్చనక్కఱలేదు. వంటయింటను, పిల్లలు చదువుకొను చోటను మొదట మార్చుఁడు. క్షణకాలము వెలుఁగు స్నానపుగది దీపము కాలిపోవువఱకు నుండవచ్చును. ఇంట పాత సి.ఎఫ్.ఎల్. దీపము పగిలినచో నందు పాదరసముండును గావున, పిల్లలను దూరముగా నుంచి, కిటికీలు తెఱచి, ముక్కలను వట్టిచేతితోఁగాక దళసరి కాగితముతో నెత్తుఁడు.