ధూమపాయులకు విటమిన్ల రక్ష కలదా?

ధూమపానమువలన ఊపిరితిత్తులకు గలుగు హానిని ఆక్సీకరణ నిరోధకములైన విటమిన్లు కొంతవరకైన నివారించునని పత్రికలు మరల మరల వ్రాయుచు, తుదకు పరిశోధకులలో ఏకాభిప్రాయము లేదని ముగించుట పరిపాటి యైనది. నిష్పక్షపాతమువలె దోచు ఈ ముగింపు, ఏనాడో తేలిన సత్యమును మరుగుపరచుచున్నది.

కూరలు, పండ్లు సమృద్ధిగ భుజించువారి రక్తమున విటమిన్ ఎ కు మూలమైన బీటా కెరోటిన్ హెచ్చుగను, వారిలో ఊపిరితిత్తుల కేన్సరు తక్కువగను ఉండుట పూర్వమే గమనింపబడినది. 1981లో పరిశోధకులైన రిచర్డ్ పీటో, రిచర్డ్ డాల్ ప్రభృతులు 'నేచర్' పత్రికలో ఈ సంబంధమును ప్రశ్నగా నిలిపిరే గాని సిద్ధాంతముగ ప్రకటింపలేదు. అట్టి యాహారము దినువారు పొగ తక్కువ త్రాగువారై, ఇతర నియమములందును జాగరూకులై యుండవచ్చును. కావున పరీక్ష యావశ్యకమయ్యెను.

ఫిన్లండులో 50 నుండి 69 ఏండ్ల వయసుగల 29,133 మంది పురుష ధూమపాయులను వర్గములుగ విభజించి, అయిదు మొదలు ఎనిమిదేండ్లు బీటా కెరోటిన్, విటమిన్ ఇ, లేక మందులేని మాత్రలు ఒసగి పరిశీలింపగా, కెరోటిన్ పుచ్చుకొన్నవారిలో ఊపిరితిత్తుల కేన్సరు 18 శాతము హెచ్చెనని 1994 ఏప్రిలులో వెల్లడియయ్యెను. విటమిన్ ఇ వలన ఆ వ్యాధి తగ్గలేదు. ధూమపాయులు, పొగ మానినవారు, ఆస్బెస్టాస్ పనివారు మొత్తము 18,314 మందిపై అమెరికాలో జరిగిన పరీక్షయందు బీటా కెరోటిన్‌తోపాటు విటమిన్ ఎ ఒసగగా ఊపిరితిత్తుల కేన్సరు 28 శాతమును, మరణములు 17 శాతమును పెరిగినందున, 1996 జనవరిలో ఆ ప్రయోగమును 21 నెలలు ముందుగనే నిలిపివేసిరి.

అమెరికా వైద్యులు 22,071 మందిపై జరిగిన మరియొక పరీక్షలో కెరోటిన్‌వలన లాభనష్టములు రెండును కానరాలేదన్నది నిజమే. కాని వారిలో పొగత్రాగువారు నూటికి పదునొకండుగురే! దీనిని జూపి అభిప్రాయభేద మనుట న్యాయము గాదు. పొగ సోకి, ప్రాణవాయువు సమృద్ధిగనుండు ఊపిరితిత్తులలో కెరోటిన్ తానే ఆక్సీకరణము చెంది హానికరమగునని జంతుపరీక్షలును సూచించినవి.

ఇంతకన్న విచారకరమైనది శాసనచరిత్ర. ఏప్రిలులో ఆ హాని ప్రకటితమైన ఆ 1994వ సంవత్సరమందే, అక్టోబరులో అమెరికా చేసిన ఆహారపూరకముల చట్టము, మాత్రల సురక్షితత్వమును, ప్రయోజనమును విక్రయమునకు ముందే ప్రభుత్వమునకు నిరూపించు భారమును తయారీదారులపై నుంచలేదు. హానిని నిరూపించు భారము ప్రభుత్వముపైననే పడెను. శాస్త్రము హెచ్చరించిన యేటనే చట్టము ద్వారములు తెరచినది.

విటమిన్లే అక్కరలేదని గాదు; ధూమపాయులకు విటమిన్ సి అధికముగ వలయును. దానిని పండ్లు, కూరలే యీయగలవు. అయినను నిజమైన రక్ష పొగ మానుటయే: బ్రిటిష్ వైద్యులపై యేబదేండ్లు సాగిన పరిశీలనలో ముప్పదవ యేట పొగ మానినవారికి సుమారు పదేండ్లును, యేబదవ యేట మానినవారికి ఆరేండ్లును ఆయుర్లాభము గలిగినది. ఏ విటమిన్ మాత్రయు ఇట్టి ఫలమొసగినట్లు నిరూపితము గాలేదు. కావున బీటా కెరోటిన్ సీసాపై ధూమపాయులకు స్పష్టమైన హెచ్చరిక ముద్రింపవలెనని చట్టము శాసించుట యుక్తము. పత్రికలు సైతము సందేహమును పోషింపక ఈ మాటను నిష్కర్షగ వ్రాయుట వాని ధర్మము.