పసిబిడ్డ దిగేంత చోటు

సాయంత్రం ఆరు దాటితే పుదుచ్చేరి నెహ్రూ వీథిలో కాలు మోపడానికి చోటుండదు. బట్టల దుకాణాల దీపాలు వెలుగుతాయి. కాలిబాట చాలక జనం వీథిలోనికి దిగి నడుస్తారు. అటువంటి వేళ ఒక కారు వచ్చి అంచున ఆగిందనుకోండి. వెనుక భాగంలో తల్లి, ఆమెకు ఎడమపక్క పిల్లల సీటులో నిద్రపోతున్న చంటిబిడ్డ, ముందు సీటులో తండ్రి. ఎడమవైపు తలుపు తెరవబోతే జానెడు దూరంలో మరొక కారు అడ్డం. కుడివైపు తెరిస్తే రివ్వున దూసుకుపోయే స్కూటర్లు. బిడ్డను ఎటు దింపాలి? ఒక్క నిమిషంలో ముగియవలసిన పని అది. ఆ నిమిషంలో ఎంత ప్రమాదమున్నదో తల్లికి తెలుసు. పక్కన కారు నిలిపి వెళ్ళిన పెద్దమనిషికి మాత్రం తెలియదు.

ఈ ఇబ్బందిని గుర్తించిన కొన్ని దేశాలు దీనికొక ఉపాయం ఆలోచించాయి. బ్రిటన్‌లో పెద్ద సూపర్ మార్కెట్ల ముంగిట, ద్వారానికి దగ్గరగా, కొన్ని పార్కింగ్ గళ్ళను తక్కినవాటి కన్న వెడల్పుగా గీస్తారు. నేల మీద ఒక పెద్దమనిషి బొమ్మ, పక్కన ఒక పిల్లవాడి బొమ్మ వేస్తారు. చిన్న పిల్లలతో వచ్చినవారి కోసం ఆ గళ్ళు. అక్కడ మామూలు గడి వెడల్పు సుమారు 2.4 మీటర్లు. కారు పోగా మిగిలే సందులో పెద్దవారు ఒదిగి దిగగలరు. కాని నిద్రపోయే బిడ్డకు పట్టీలు విప్పి, తల తగలకుండా ఎత్తి, భుజాన వేసుకొని బయటికి తీయాలంటే తలుపు బార్లా తెరుచుకోవాలి. వెడల్పు అందుకోసం. ద్వారానికి దగ్గరగా ఉంచడానికి కారణం వేరు. కారును వెనక్కు తీసే డ్రైవరుకు మూడడుగుల పిల్లవాడు కనబడడు. కదిలే వాహనాల నడుమ ఆ పిల్లవాడు నడవవలసిన దూరం ఎంత తగ్గితే అంత మేలు.

తైవాన్‌లో ఇది చట్టమే అయింది. అక్కడ బహిరంగ ప్రదేశాల పార్కింగ్ స్థలాలలో నూటికి రెండు చొప్పున గర్భిణులకు, ఆరేండ్ల లోపు పిల్లలతో వచ్చేవారికి కేటాయించాలి. దక్షిణ కొరియా రాజధాని సియోల్ నగరం కథ మరింత ఆలోచింపజేస్తుంది. ఆ నగరం 2009లో స్త్రీలకు ప్రత్యేకంగా గులాబిరంగు గళ్ళు గీయించింది. 2023లో వాటిని కుటుంబాల గళ్ళుగా మార్చటానికి పూనుకొన్నది. గర్భిణులు, పసిపిల్లలతో వచ్చేవారు, వృద్ధులను తీసుకొని వచ్చేవారు, వీరంతా వాడుకోవచ్చును. స్త్రీయా పురుషుడా అన్నది కాదు, అవసరమున్నదా లేదా అన్నదే ప్రశ్న అని ఆ నగరం పద్నాలుగేండ్ల తరువాత గ్రహించిందన్నమాట.

బ్రిటన్‌లో మాత్రం ఈ గళ్ళకు వెనుక ప్రత్యేక చట్టమేదీ లేదు. స్థలం దుకాణానిది, నియమమూ దుకాణానిదే. పిల్లలు లేనివారు అక్కడ కారు నిలిపితే పోలీసులు రారు. కనుక నేల మీద గీసిన ఆ గీతకున్న విలువంతా మనుషుల మర్యాద ఇచ్చినదే.

తెలుగునాట బస్సులెక్కినవారికి ఇది కొత్త సంగతి కాదు. స్త్రీలకు కేటాయించిన సీట్లలో వారినే కూర్చోనివ్వాలని కిటికీల పైన రాసి ఉంటుంది. ఆ అక్షరాలు చదివి లేచేవారు కొందరు. చదివి, కిటికీలోనుంచి బయటికి చూసేవారు కొందరు. కండక్టరు వచ్చి చెప్పిన తరువాత లేవటం విధేయత. ఎవరూ చెప్పకముందే లేవటం మర్యాద.

పిల్లల గడి విషయంలో ఆ మర్యాద ఏమిటి? మొట్టమొదటి సూత్రం సులభమైనది. ఆ గడి తల్లిదండ్రులైనందుకు ఇచ్చిన బహుమానం కాదు. బిడ్డ క్షేమంగా దిగడానికి ఇచ్చిన చోటు. కాబట్టి బిడ్డ ఇప్పుడు కారులో ఉన్నదా అన్నదే అడగవలసిన ప్రశ్న. ఇంటి దగ్గర అమ్మమ్మ వద్ద ముగ్గురు పిల్లలను వదిలి ఒంటరిగా వచ్చిన తండ్రికి ఆ గడితో పని లేదు. మనుమరాలిని ఎత్తుకొని వచ్చిన తాతగారికి పూర్తి హక్కు ఉన్నది. వెంట వచ్చినది తల్లి అయినా, మేనత్త అయినా, పొరుగింటి పిన్ని అయినా ఒకటే.

రెండవది వయసు. తానే తలుపు తెరుచుకొని, పక్క కారుకు గీత పడకుండా దిగి, అటూ ఇటూ చూసి నడవగల పన్నెండేండ్ల బాలునికి వెడల్పయిన గడి అక్కరలేదు. వాడితో వచ్చినవారు నాలుగడుగులు ఎక్కువ నడిస్తే నష్టం లేదు. నెలలు నిండిన గర్భిణికి మాత్రం తలుపు పూర్తిగా తెరుచుకోవాలి. బోర్డు మీద ఆమె పేరు రాయకపోయినా ఆ చోటు ఆమెకు ఇవ్వవలసినదే.

మూడవది ప్రాణానికి సంబంధించినది. మంచి చోటు దొరికిందని, ఐదు నిమిషాలలో వస్తాము కదా అని, బిడ్డను కారులోనే ఉంచి తలుపులు బిగించి వెళ్ళేవారుంటారు. ఎండలో నిలిపిన కారు లోపలి వేడి పది నిమిషాలలోనే సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది. పెద్దవారి కంటె పసిబిడ్డ ఒళ్ళు మూడు నుండి ఐదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. పుదుచ్చేరి వంటి సముద్రతీరపు ఊరిలో మే నెల ఎండ ఎటువంటిదో చెప్పనక్కరలేదు. బిడ్డ కోసం ఇచ్చిన చోట బిడ్డను వదిలి వెళ్ళటం కంటె విపరీతం ఉండదు.

నాలుగవది, ఈ గళ్ళను వికలాంగుల గళ్ళతో కలిపివేయరాదు. వికలాంగుల గడి మర్యాద మీద మాత్రమే నిలిచినది కాదు. బ్రిటన్‌లో వారికి 1971 నుండి గుర్తింపు బ్యాడ్జి ఉన్నది. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉన్నది. చక్రాల కుర్చీ దించుకోవడానికి వీలుగా గడి 3.6 మీటర్ల వెడల్పు ఉండాలని, ప్రధాన ద్వారానికి 30 మీటర్లలోపే ఉండాలని అదే ఏడు వెలువడిన ప్రభుత్వ మార్గదర్శకాలు నిర్దేశించాయి. పిల్లల గడి ఖాళీ లేనంత మాత్రాన బిడ్డ నెపంతో ఆ గడిలో దూరటం తప్పు. బిడ్డను ఎత్తుకొని నడవగల అవకాశం తల్లికి ఉన్నది. చక్రాల కుర్చీలోని మనిషికి అది లేదు.

మన ఊళ్ళలో పిల్లల గళ్ళు ఎక్కువగా కనబడవు. పైగా మన పిల్లలలో చాలామంది కారులో కాదు, అమ్మానాన్నల మధ్య స్కూటరు మీద వస్తారు. నాలుగేండ్ల లోపు బిడ్డను మోటారు సైకిలుపై తీసుకొని పోయేటప్పుడు, నడిపేవారికి బిడ్డను కట్టి ఉంచే రక్షణ పట్టీ ఉండాలని, తొమ్మిది నెలలు దాటిన బిడ్డకు హెల్మెట్ పెట్టాలని, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించరాదని ఒక నిబంధన 2023 ఫిబ్రవరి నుండి అమలులోనికి వచ్చింది. ఆ పట్టీ విప్పి బిడ్డను దించడానికీ కాస్త చోటు కావాలి. స్కూటర్లను ఒకదాని మీద ఒకటి వాలునట్లు పేర్చిన చోట తల్లి ఎక్కడ నిలబడుతుంది?

కనుక గీత లేనిచోట మర్యాదే గీత గీయాలి. పక్క బండి తలుపు తెరుచుకోవడానికి ఒక బారెడు విడిచిపెట్టటం, కాలిబాట మీదికి చక్రం ఎక్కించకపోవటం, ఆస్పత్రి మెట్ల ముందు బండి నిలిపి మాయం కాకపోవటం, ఇవి ఏ బోర్డూ అక్కరలేని పనులు. పుదుచ్చేరిలోని రాజీవ్ గాంధీ ప్రభుత్వ స్త్రీ శిశు ఆస్పత్రికి, జిప్మర్‌కు నిత్యం పసిపిల్లలతో తల్లులు వస్తారు. చుట్టుపక్కల తమిళ జిల్లాల నుండి బస్సు దిగి వచ్చేవారున్నారు. ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి యానాం నుండి వచ్చే తెలుగు తల్లికి ఆ గుమ్మం ముందు అడ్డంగా నిలిపిన ఒక కారు ఎంత పెద్ద అడ్డమో ఊహించవచ్చును.

పిల్లల కోసం చోటు విడవటం ఈ ఊరికి చేతకాని పనేమీ కాదు. సముద్రపు ఒడ్డున గూబేర్ అవెన్యూలో ప్రతి సాయంత్రం ఆరు గంటలకు వాహనాలను ఆపివేస్తారు. మరునాటి ఉదయం ఏడున్నర దాకా ఆ వీథి నడిచేవారిది. గాంధీజీ విగ్రహం ముందు అప్పుడే నడక నేర్చిన పసివాడు చేయి విడిపించుకొని పరుగెత్తుతాడు. వెనుక తల్లి కంగారు పడదు, నవ్వుతుంది. అదే తల్లి నెహ్రూ వీథిలో వాడి మణికట్టు ఎర్రబడేంతగా పట్టుకొని నడుస్తుంది. ఆమె మారలేదు, పిల్లవాడూ మారలేదు. ఒక చోట పెద్దలు తమ బండ్లను పక్కకు తీశారు, మరొక చోట తీయలేదు. అంతే తేడా.

చివరగా ఒక హెచ్చరిక. పిల్లల గడిలో ఎవరో ఒంటరిగా దిగగానే కేకలు వేయనక్కరలేదు. ఆ మనిషి లోపలున్న బిడ్డను తీసుకొని రావడానికి వచ్చి ఉండవచ్చును. పైకి కనబడని నొప్పితో బాధపడుతూ ఉండవచ్చును. “అయ్యా, ఇది పిల్లలతో వచ్చేవారి చోటట, తమరు గమనించినట్టు లేదు” అని మెల్లగా ఒక్క మాట చాలు. గమనించనివారు సర్దుకుంటారు. గమనించీ నిలిపినవారు సిగ్గుపడతారు. సిగ్గుపడనివారిని కేకలు మార్చలేవు.

ఖాళీగా ఉన్న మంచి చోటును చూసి, అది తనది కాదని ముందుకు సాగిపోయిన మనిషికి ఎవరూ కృతజ్ఞత చెప్పరు. పది నిమిషాల తరువాత ఆ చోట కారు ఆపి, తలుపు బార్లా తెరిచి, నిద్ర చెదరకుండా బిడ్డను భుజాన వేసుకొనే తల్లికి అతడెవరో తెలియదు. అయినా ఆ బిడ్డ నిద్ర చెదరకపోవటంలో అతని చేయి ఉన్నది.